చంటిబిడ్డకు యాంటీబయాటిక్

భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యము వహించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కన్నుమూసిన 1948వ సంవత్సరముననే, ఆయన నేతృత్వములో డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి సాధించిన ఆరియోమైసిన్ అను యాంటీబయాటిక్ లోకమునకు వెల్లడియైనది. ఆ కోవకు చెందిన ఔషధములు కాపాడిన పసిప్రాణములకు లెక్క లేదు. అంతటి మహౌషధమును, ఏడాది నిండని బిడ్డకు ముక్కు కారినంతనే మందుల షాపులో అడిగి తెచ్చి, మూతతో కొలిచి పోయుట చూచినప్పుడెల్ల నా మనస్సు కలుక్కుమనును.

జలుబు వైరసుల వలన వచ్చును. వైరసులపై యాంటీబయాటిక్ పనిచేయదు. కాని బిడ్డ ప్రేగులలో అప్పుడప్పుడే కాపురము పెట్టుచున్న సూక్ష్మజీవులపై అది తప్పక పనిచేయును. ఏది శత్రువో, ఏది వట్టి ధూళియో, పుప్పొడియో పసిశరీరము గుర్తించుట నేర్చుకొనునది ఆ జీవుల సాంగత్యముననే యని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఉబ్బసము వచ్చు సూచనలున్న శిశువులకు తొలి నూరు దినములలో నాలుగు ప్రజాతుల సూక్ష్మజీవులు కొరవడినవని 2015లో కెనడా పరిశోధకులు కనుగొనిరి. ఆ నాలుగింటిని ఎలుకల ప్రేగులలో నెలకొల్పగా, వాటి సంతానమునకు శ్వాసనాళముల వాపు తగ్గినది.

ఆ దేశముననే బ్రిటిష్ కొలంబియా రాష్ట్రములో జరిగినది మరింత ఆలోచింపదగినది. అనవసరముగా యాంటీబయాటిక్కులు వ్రాయవలదని వైద్యులకును, అడుగవలదని తల్లిదండ్రులకును నచ్చజెప్పుచు వచ్చిన ఆ రాష్ట్రమున, ఏడాదిలోపు శిశువులు వేయిమందికి 2000లో సుమారు 1,254గా నున్న యాంటీబయాటిక్ చీటీలు 2014 నాటికి 489కి దిగినవి. అదే కాలములో ఒకటి నుండి నాలుగేండ్ల పిల్లలలో క్రొత్తగా ఉబ్బసము నిర్ధారణయైన వారు వేయింటికి 27.3 నుండి 20.2కు తగ్గిరి. తొలియేట ఒక్క పర్యాయమైనను ఈ మందు ఎరుగని పిల్లలలో అయిదేండ్లు నిండునప్పటికి ఉబ్బసము నూటికి 5.2 మందికి రాగా, ఒక పర్యాయము వాడిన వారిలో 8.1 మందికి, రెండు పర్యాయములైన 10.2 మందికి, మూడు లేక అంతకు మించినచో 17.6 మందికి వచ్చినట్లు మరియొక కెనడా పరిశీలన తెలిపినది.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు, అది బలహీనమైనదియు గాదు. ఉబ్బసపు తొలి పిల్లికూతలనే ఛాతీజబ్బుగా భావించి వైద్యుడు యాంటీబయాటిక్ ఇచ్చియుండవచ్చును. అప్పుడు జబ్బే మందును రప్పించినది గాని మందు జబ్బును గాదు. 2014లో స్వీడన్ పరిశోధకులు ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూడగా, చర్మవ్యాధులకును మూత్రవ్యాధులకును ఇచ్చిన యాంటీబయాటిక్కులకు ఉబ్బసముతో సంబంధము కానరాలేదు. అయితే కెనడా వారు శ్వాససంబంధమైన జబ్బులకు మందు తీసికొన్న పిల్లలను ముందే తొలగించియే పై పర్యాయముల లెక్క కట్టిరి. కనుక వివాదము తేలినదనజాలను. కాని జలుబునకు ఆ మందు వలన లాభమే లేనప్పుడు, కీడు నిశ్చయముగా ఋజువగువరకు పోయుచునే యుందుమనుట నాకు సమ్మతము గాదు. ఒక్క ఊరట యున్నది: యాంటీబయాటిక్ వాడిన దినములలో తల్లిపాలు త్రాగుచున్న శిశువులకు ఈ ముప్పు కానరాలేదని ఆ కెనడా బిడ్డలను పరిశీలించినవారే పిమ్మట తెలిపిరి.

తప్పంతయు తల్లులది కాదు. రాత్రియంతయు ఏడ్చిన బిడ్డను ఎత్తుకొని, కూలి మానుకొని, బస్సెక్కి వచ్చిన తల్లికి రెండు నిమిషములలో చీటీ వ్రాసి పంపుట సులభము. ఛాతీ విని, ఇది జలుబే, పాలు మానవద్దు, ఎల్లుండి మరల చూపుమని నెమ్మదిగా చెప్పుటకు కాలము కావలెను, ఆ కాలమునకు విలువ కట్టు వ్యవస్థయు కావలెను. వట్టిచేతులతో పంపిన వైద్యుని చేతకానివాడనుకొను అలవాటు మనము మానవలెను. అంగన్‌వాడీలలో టీకాల దినమున ఈ మాట తల్లులకు చెప్పించుటకు ప్రభుత్వమునకు పెద్ద ఖర్చు కాదు. దానితోపాటు మరియొకటియు చెప్పవలెను: బిడ్డ వేగముగా ఊపిరి తీయుచున్నను, డొక్కలు లోనికి పోవుచున్నను, పాలు పట్టకున్నను, రెండు నెలలు నిండని బిడ్డకు జ్వరము తగిలినను ఎల్లుండి వరకు ఆగరాదు, ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను, అక్కడ వైద్యుడు యాంటీబయాటిక్ ఇచ్చినచో సందేహింపక పూర్తిగా వాడవలెను.