శిలాచిత్రములు – సందర్శకుల ధర్మము

ప్రాచీన శిలాచిత్రములను రక్షించుట యెవరి పని యని యడిగినచో, పెక్కుమంది 'ప్రభుత్వము వారిది' అని తడుముకొనక చెప్పుదురు. కంచె వేయవలెను, కావలివారిని నియమింపవలెను, తప్పు చేసినవారికి జరిమానా విధింపవలెను. అంతటితో రక్షణ ముగిసినదని వారి తలంపు. ఈ యభిప్రాయము సగము మాత్రమే సరియైనదని మా నమ్మకము. తక్కిన సగము చూడబోవువారి చేతులలో నున్నది. అమెరికా దేశమున న్యూ మెక్సికో రాష్ట్రములోని పెట్రోగ్లిఫ్ నేషనల్ మాన్యుమెంట్ అను ఎడారి పార్కు చరిత్రము దీనికి మంచి నిదర్శనము. బంధువుల యింటికి పోయిన సందర్భమున దానిని చూచు అవకాశము మాకు లభించినది గనుక, ఆ సంగతులను విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విన్నవించుచున్నాము.

పార్కు అనగా పూలమొక్కలును, పచ్చికయును, కూర్చుండుటకు బల్లలును గల తోట యని తలంపవలదు. అల్బుకర్కీ పట్టణమునకు పడమట 17 మైళ్ల పొడవున సాగిన నల్లని రాళ్లగట్టే యీ పార్కు. సముద్రమట్టమునకు సుమారు 5,000 అడుగుల యెత్తున నున్న ఆ ప్రాంతమున సంవత్సరమంతయు కలిపి కురియు వాన సుమారు 9 అంగుళములే. మన సముద్రతీరపు జిల్లాలలో తుపాను పట్టిననాడు ఒక్క దినముననే అంత వాన కురియుట కలదు. లక్షన్నర, రెండు లక్షల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతములు కక్కిన లావా చల్లారి గట్టిపడి, ఈ గట్టుగా నేర్పడినది. దాని యంచున అడుగునగల మెత్తని నేల కోసికొనిపోగా, పైరాయి విరిగి బండలుబండలుగా వాలున దొర్లి నిలిచినది. ఆ బండలే పలకలుగా పూర్వులు తమ చిత్రములను చెక్కిరి.

చెక్కిన విధము బాలురకు సులభముగా బోధపడును. ఈ రాయి లోపల బూడిదవర్ణము గలది. పైన మాత్రము మాంగనీసు, ఇనుము, మన్ను కలిసిన పలుచని నల్లపొర యొకటి ఎన్నో వేలయేండ్లకు పట్టినది. ప్యూబ్లో ప్రజల పూర్వులు ఒక రాతిని ఉలివలె ఆనించి, మరియొక రాతితో దానిపై కొట్టి, ఆ నల్లపొరను పెచ్చులుగా లేపిరి. నల్లపలకపై బలపపు గీతవలె లోపలి లేతవర్ణము బయటపడినది. ఇట్టి చిత్రములు ఆ గట్టున సుమారు 25,000 ఉండునని పురాతత్త్వజ్ఞుల యంచనా. వానిలో అధికభాగము క్రీ.శ. 1300 మొదలు 1600ల వరకు చెక్కబడినవి. కొన్ని రెండువేల యేండ్లకు పైబడినవియు కలవు.

బోకా నెగ్రా అను చోటను, రింకొనాడా అను లోయలోను మేము నడచి చూచితిమి. రింకొనాడాలో రాకపోకలు కలిసి 2.2 మైళ్ల కాలిబాట. ఆ దారిలో 300లకు పైగా చిత్రములు కలవు. మానవుల చేతులు, ముఖములు, నక్షత్రములు, పాములు, పక్షులు, సుడివలె తిరుగు గీతలు ఎండలో మౌనముగా నిలిచియున్నవి. బోకా నెగ్రాలో మకా యను పెద్ద చిలుక బొమ్మ యొకటి యున్నది. ఆ పక్షి ఆ యెడారిలో పుట్టునది కాదు; దూరమున దక్షిణమున మెక్సికో ప్రాంతములనుండి వర్తకమార్గమున వచ్చినది. గుఱ్ఱములును బండ్లును లేని దినములలో మనుష్యులు కాలినడకను ఎంతెంత దూరము సంబంధములు నడపిరో ఆ యొక్క చిలుకబొమ్మ చెప్పుచున్నది.

అయితే ఈ చిత్రముల యర్థమేమి? ఇక్కడనే సందర్శకుడు తన హద్దు తెలిసికొనవలెను. వీనిని చెక్కినవారి సంతతి అంతరింపలేదు. ప్యూబ్లో ప్రజలు రియో గ్రాండే నదీప్రాంతమున నేటికిని తమ గ్రామములలో నివసించుచున్నారు. ఈ గట్టు వారికి పవిత్రస్థలము. నేటికిని వారిచ్చటికి ప్రార్థనకు వచ్చుచున్నారు. కొన్ని చిత్రముల యర్థమును పరులకు వెల్లడించుట తగదని వారు చెప్పుచున్నారు. విద్య నేర్చినవారమగు మనకు ప్రతి విషయమును అడిగి తెలిసికొను హక్కున్నదని యొక గర్వము కలదు. ఒకరి యింటి ప్రార్థనాగదిలోనికి పోయి ప్రతి వస్తువు నెత్తి చూచుట జ్ఞానతృష్ణ యనిపించుకొనదు, అది అమర్యాద. చెప్పనిదానిని చెప్పనిదిగానే గౌరవించుటయు చదువులో నొక భాగమే.

ఆ బండలపై సిలువ గుర్తులును కొన్ని కలవు. స్పెయిను దేశమునుండి వచ్చిన వలసవారును, వారి గొఱ్ఱెల కాపరులును వానిని చెక్కిరి. క్రైస్తవులమగు మాకు ఆ సిలువలను చూచినప్పుడు సంతోషమును, దానితోపాటు ఒక యోచనయు కలిగినవి. అన్యుల పవిత్రస్థలమున మన గుర్తును నిలుపుటవలన మన విశ్వాసము గొప్పదగునా? దానిని పొరుగువారి యెడల చూపు ప్రేమవలన తెలుపుటయే మేలని మా మనవి. తరువాతి కాలమున వచ్చినవారు సిలువలు సహితము చెక్కలేదు; తమ పేళ్లు గీకిరి, తుపాకులు గురిచూచి కాల్చిరి. 700 యేండ్లు గాలికిని ఎండకును చెడని పని, ఒక సోమరి మధ్యాహ్నమున చెడిపోయినది.

పట్టణము పడమటికి పెరిగి, ఇండ్లు గట్టు దాపునకు వచ్చుచుండగా, 1990వ సంవత్సరమున శాసనమువలన ఈ పార్కు ఏర్పడినది. కాని ఎనిమిదేండ్లు గడువకమునుపే, 1998లో, మరియొక శాసనము ఒక పెద్ద రోడ్డు కొరకు ఇందుండి 8.5 ఎకరములను విడదీసినది. ప్యూబ్లో ప్రజలు దీనిని గట్టిగా నెదిరించిరి. పడమటి పేటలలో నివసించువారు ఉద్యోగములకు పోవుటకు దారి లేక అవస్థపడుచున్నారని రోడ్డు కోరినవారు చెప్పిరి. ఆ కష్టము నిజమైనదే, దానిని తేలికగా త్రోసివేయరాదు. 2007 నాటికి రోడ్డు పూర్తియైనది. ఎకరముల లెక్కలో పోయినది స్వల్పమే. కాని ఒక దేవాలయపు గర్భగృహమునుండియో, ఒక చర్చి బలిపీఠము ముందునుండియో రోడ్డు వేయవలెనన్నచో ఎకరముల లెక్క యెవరైనను చెప్పుదురా? కాపాడుటకు పుట్టిన శాసనమును మరియొక శాసనము సడలింపగలదు. ప్రజల మనస్సులో గౌరవము లేనిచోట శాసనము ఒంటరి కావలివాడే.

ఇది దూరదేశపు సంగతి గదా యని మన మూరకుండరాదు. బళ్ళారి దాపున కప్పగల్లు గుట్టమీద నవీన శిలాయుగపు పశుపాలకులు ఇదే రీతిని రాతితో రాతిని కొట్టి ఎద్దుల బొమ్మలను చెక్కిరి. అచ్చటి కొన్ని బండలు కొట్టినచో గంటవలె మ్రోగును. 1892లోనే ఫాసెట్టు అను దొర వానిని గూర్చి వ్రాసెను. ఆ గుట్టకును రాళ్లక్వారీల బెడద పట్టినది. క్వారీలో పనిచేయు కూలివాని ఆకలిని మేము నిందింపము. కాని ఒకమారు కంకరయైన బొమ్మ తిరిగి రాదు. మన జిల్లాల కొండలపైనను, కోటగోడలపైనను సున్నముతో, మేకుతో వ్రాసిన పేళ్లను చూడనివారెవరు? ఆ పేళ్లు బడిలో అక్షరములు నేర్చినవారివేయని తలంచినప్పుడు ఉపాధ్యాయులమైన మాకు సిగ్గు కలుగుచున్నది.

కావున విద్యార్థులారా, ఇట్టి స్థలమునకు పోవునప్పుడు కొన్ని నియమములు పాటింపుడు. చిత్రమును చేతితో తాకవలదు. చేతి జిడ్డు రాతిపొరను చెరచును. గీతలు స్పష్టముగా కనబడుటకై సుద్దతో దిద్దవలదు. బాట విడిచి బండలపై నెక్కవలదు. ఒక చిన్న రాతినైనను జ్ఞాపకార్థమని సంచిలో వేసికొనవలదు. కన్నులతో చూడుడు, పుస్తకములో బొమ్మ గీసికొనుడు, ఫోటో తీసికొనుడు. తల్లిదండ్రులారా, పిల్లవాడు మేకు చేత పట్టిననాడు నవ్వి యూరకుండవలదు. తోడి ఉపాధ్యాయులకు మా మనవి యేమనగా, విహారయాత్రకు ముందునాడే ఒక గంట సేపు ఈ పాఠము చెప్పుడు.

తన పేరు నిలువవలెనని రాతిపై గీకినవాడు, పేరు చెప్పుకొనక చిత్రము చెక్కిన పూర్వుని పనిని చెరచుచున్నాడు. ఆ పూర్వుని పేరు నేడెవరికిని తెలియదు. అతని పనిమాత్రము నిలిచినది. దానిని ఉన్నదున్నట్లుగా మన తరువాతివారికి అప్పగించుటయే సందర్శకుల ధర్మము.