అగ్గువ ఏది? పిరం ఏది?

పిల్లలూ! ఈ నెల ముందుగా ఒక చిన్న లెక్క.

ఒక దుకాణంలో రెండు నోటుపుస్తకాలు ఉన్నాయి. రెంటికీ 200 పుటలే. ఒకటి 40 రూపాయలు, రెండోది 60 రూపాయలు. ఏది అగ్గువ? (మా ఆర్మూరు వైపు చవకను అగ్గువ అంటాం, ఖరీదైనదాన్ని పిరం అంటాం. ఈ మాటలు తెలియని జిల్లాల పిల్లలు కూడా ఈ నెలకు వీటిని వాడుకోవచ్చు.)

"ఇదీ ఒక లెక్కేనా మాస్టారూ? 40 రూపాయలదే!" అంటారు మీరు. తొందరపడకండి. ఆ 40 రూపాయల పుస్తకం తెరిచి, సిరాకలంతో నాలుగు వరసలు రాసి, పుట తిప్పి చూడండి. రాసినదంతా అవతలివైపుకు నీలంగా ఊరి ఉందనుకోండి. ఇక ఆ వెనక పుటమీద రాయలేం. రాసినా పంతులుగారు చదవలేరు. అంటే 200 పుటల్లో మీకు పనికివచ్చేవి 100 మాత్రమే. 200 పుటలు రాయాలంటే అటువంటి పుస్తకాలు రెండు కావాలి, 80 రూపాయలు కావాలి. ఇప్పుడు చెప్పండి, ఏది అగ్గువ?

ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకెను జి.ఎస్.ఎం. అంటారు. కొన్ని నోటుపుస్తకాల అట్టమీద ఆ అంకె అచ్చువేసి ఉంటుంది. అంకె పెరిగినకొద్దీ కాగితం దళసరి. అయితే బరువొక్కటే చాలదు. సిరాను పీల్చుకోకుండా కాగితానికి గంజివంటి పదార్థం కూడా పట్టించాలి. అది సరిగా లేకపోతే ఎంత దళసరి కాగితమైనా అద్దుడు కాగితంలా ప్రవర్తిస్తుంది. ఇంకొక సంగతి: మీరు బాల్‌పెన్నుతోనో పెన్సిలుతోనో రాసేవారైతే ఈ గొడవే లేదు. పలచని పుస్తకమే మీకు చాలు. ఎక్కువ పెట్టిన 20 రూపాయలూ మీకు వృథా.

చెప్పులు చూడండి. 150 రూపాయల జత మూడు నెలలకు తెగిపోతే నెలకు 50 రూపాయలు పడినట్టు. 480 రూపాయల జత రెండేళ్ళు వస్తే నెలకు 20 రూపాయలే. కాని ఈ లెక్క పెద్దవాళ్ళకు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి రెండేళ్ళు మన్నే జత కొనిపెట్టే తండ్రిని నేను తెలివైనవాడనను. చెప్పు మన్నుతుంది గాని, పెరిగే కాలు మన్నించదు!

దీపానిది ఇంకో రకం లెక్క. 60 వాట్ల పాత తీగ బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 30 రోజులకు 9000 వాట్ గంటలు, అంటే 9 యూనిట్లు. దాదాపు అంత వెలుగే ఇచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపానికి అదే నెలకు 1.35 యూనిట్లు చాలు. తేడా 7.65 యూనిట్లు. మీ ఇంటి కరెంటు బిల్లు తీసి, యూనిట్ ధర చూసి గుణించండి. ఎన్ని నెలల్లో ఆ దీపం తన ఖరీదు తానే తీర్చుకుంటుందో మీరే కట్టి నాన్నగారికి చెప్పండి.

ఇంతవరకూ గుణకారం, భాగహారం వస్తే చాలు. వాటికి లొంగని వస్తువులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, మోటారుసైకిలు మీద పెట్టుకునే హెల్మెట్. మా ఊరిమీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది కనుక హెల్మెట్ మాట మాకు కొత్త కాదు. మంచి హెల్మెట్ లోపల పెళుసు థర్మోకోల్‌వంటి మందపు పొర ఒకటి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర తాను నలిగి తలను కాపాడుతుంది. పొర లేని ఉత్త ప్లాస్టిక్ టోపీకి కూడా పైన అదే నిగనిగ, అదే రంగు. దుకాణంలో నిలబడి ఏది గట్టిదో పరీక్ష చేయడం ఎవరి తరమూ కాదు. పరీక్ష జరిగేది ఒక్కసారే, అదీ రోడ్డుమీద! అందుకే ఐ.ఎస్. 4151 అనే ప్రమాణం, దానిమీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఏర్పడ్డాయి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. మన కన్ను చూడలేనిదాన్ని మన తరఫున ఇంకొకరు చూసిపెట్టినందుకు కూడా ఆ ధరలో కొంత పోతుందన్నమాట.

రెండోది, మా ఊరి వస్తువే. పసుపు.

జూన్ నెలలో విత్తనపు కొమ్ము భూమిలో పడుతుంది. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఊరుతుంది. సంక్రాంతి నాటికి ఆకు ఎండి వాలిపోతుంది, తవ్వకాలు మొదలవుతాయి. తవ్విన కొమ్మును ఉడకబెట్టాలి. పూర్వం పెద్ద బాణలుల్లో నీళ్ళు పోసి ఉడికించేవారు; ఇప్పుడు ఆవిరి డ్రమ్ములు వచ్చాయి. ఎందుకు ఉడికించాలి? పచ్చికొమ్ము నిండా పిండిపదార్థం ఉంది. వేడికి అది జిగురుగా మారి కొమ్మును గట్టిపరుస్తుంది. రంగు లోపలంతా సమంగా పరుచుకుంటుంది, పచ్చివాసన పోతుంది, ఎండడం కూడా త్వరగా అవుతుంది. ఉడుకు చాలకపోతే కొమ్ము పెళుసై పురుగు పడుతుంది. మితిమీరితే రంగు చెడుతుంది. సరిగా ఉడికిందో లేదో రైతు సన్నని పుల్లతో గుచ్చి చూస్తాడు. ఆ తరవాత కల్లంలో 10 నుంచి 15 రోజులు ఎండబెడతారు. 100 కిలోల పచ్చికొమ్ము ఎండి సుమారు 20, 25 కిలోలకు దిగుతుంది. చివరకు డ్రమ్ములో వేసి గిరగిర తిప్పితే వేళ్ళూ, పైపొట్టూ రాలి కొమ్ము నున్నబడుతుంది. అప్పుడు బస్తాల కెక్కించి నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలుతారు.

ఇక్కడ మీకొక ప్రశ్న. కొమ్మును పొడి చేయాలంటే గిర్నీ ఖర్చు, సంచీ ఖర్చు, బండి ఖర్చు, నడుమ ఇద్దరు ముగ్గురు వర్తకుల లాభం ఉంటాయి. కనుక కిలో పొడి ధర కిలో కొమ్ము ధరకంటే ఎక్కువ ఉండాలి కదా? అట్లాకాక, ఎక్కడైనా పొడి కొమ్ముకంటే అగ్గువకు దొరికితే ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది? కొన్నిచోట్ల జవాబు నిర్దోషమైనదే కావచ్చు: కొమ్ముకు బదులు గోళ, విరిగిన ముక్కలు మర పట్టి ఉండవచ్చు. అవి కూడా పసుపే, ధర మాత్రం తక్కువ. కొన్నిచోట్ల సారం తీసేసిన పిప్పి కలిసి ఉండవచ్చు. ఇంకా కొన్నిచోట్ల పిండి కలిపి, వెలిసిన రంగును కప్పిపుచ్చడానికి మరేదో రంగు అద్ది ఉండవచ్చు. భయపడవలసింది ఈ చివరిదానికి.

పసుపుకు పచ్చదనమిచ్చే పదార్థం పేరు కుర్కుమిన్. వోగెల్, పెలటియే అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1815లో దాన్ని పసుపునుంచి వేరుచేసి చూపించారు. అది తగ్గినప్పుడు దాని స్థానంలో మెటానిల్ యెల్లో అనే కృత్రిమపు రంగును మోసగాళ్ళు వాడుతుంటారు. తిండిలో ఆ రంగు కలపడానికి మన చట్టం ఒప్పుకోదు. అంతకంటే చెడ్డది లెడ్ క్రోమేట్. అది సీసంతో చేసిన రంగు. గోడలకూ, ఇనుప సామానుకూ పూసే పచ్చరంగుల్లో వాడేది.

మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో జరిగిన కథ వినండి. 1980లలో వరదలు వచ్చి, పసుపు సరిగా ఎండక రంగు మాసిపోయిందట. మాసిన కొమ్మును కొనేవారు లేరు. అప్పుడు కొమ్ములను నున్నచేసేటప్పుడు ఈ సీసపు రంగు చల్లడం మొదలైంది. కొమ్ము బంగారంలా మెరిసింది! జనం మెరిసేదాన్నే ఏరి కొన్నారు. వరదలు పోయాయి, రంగు పోలేదు. చాలా ఏళ్ళ తరవాత పల్లెల్లోని గర్భిణీస్త్రీల రక్తంలో సీసం ఎందుకుందో తెలియక శాస్త్రజ్ఞులు వెదుకుతూ పోయి, చివరకు వంటింటి పసుపు డబ్బా దగ్గర ఆగారు. 2019లో ఈ సంగతి బయటపడింది. ప్రభుత్వం బజార్లలో తనిఖీలు చేసింది, జరిమానాలు వేసింది, ఊరూరా ప్రకటనలు అంటించింది. 2019లో అక్కడి బజారు నమూనాల్లో 47 శాతంలో సీసం ఉండగా, 2021 నాటికి ఒక్కదానిలోనూ లేదు. ఇంత త్వరగా ఒక విషాన్ని బజారునుంచి వెళ్ళగొట్టడం సామాన్యమైన పని కాదు.

అది వాళ్ళ కథ అని మనం చేతులు దులుపుకోవడానికి లేదు. భారతదేశంతో సహా దక్షిణాసియాలోని 23 నగరాల్లో 356 నమూనాలు తీసి పరీక్షించిన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. వాటిలో 14 శాతం హద్దుకు మించి సీసం ఉన్నవే. మన పాట్నా నగరంలో దొరికిన వాటిలో సీసం మరీ ఎక్కువ.

సీసం శరీరంలో ఇంత ఉంటే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దవాళ్ళ శరీరంకంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది పెరిగే మెదడును దెబ్బతీస్తుంది. చదివింది మనసుకు ఎక్కకపోవడం, ఒకచోట దృష్టి నిలవకపోవడం దాని ఫలితాలు. తరగతిలో వెనకబడిన పిల్లవాడిని చూసి "మొద్దు" అనడం తేలిక. వాడింటి పసుపు డబ్బాను ఎవరు చూస్తారు?

మరి మంచి పసుపు కొంటే ఎంత పిరం పడుతుంది? ఒక ఇంట్లో రోజుకు 5 గ్రాముల పసుపు వాడుతారనుకోండి. నెలకు 150 గ్రాములు. కిలోకు 50 రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నా, నెలకు పడే భారం ఏడున్నర రూపాయలు. పండక్కి కొనే మిఠాయిలో చిన్న ముక్క ఖరీదు! బియ్యం ధరలో రూపాయి తేడా వస్తే ఇల్లు కదులుతుంది; పసుపులో 50 తేడా వచ్చినా ఇంటికి తెలియదు. ఉప్పూ, పసుపూ, మిరియాలూ వంటి, కొంచెం కొంచెంగా వాడే వస్తువుల్లో బేరమాడి మిగిల్చేది ఎప్పుడూ స్వల్పమే.

అయితే "పిరం పెట్టండి" అన్నానని మెరిసేదాన్ని ఏరకండి. బంగ్లాదేశ్ జనం కూడా మెరుపుకే డబ్బులిచ్చారు. కొమ్ము కొంచెం మాసినట్టు, మట్టి రంగుగా ఉంటే అది తప్పు కాదు. విరిచి చూడండి. బాగా ఎండిన కొమ్ము లోహం మోగినట్టు టక్కున విరుగుతుంది. విరిగినచోట నారింజ పసుపు ఛాయ కనబడాలి, మంచి వాసన రావాలి. కల్లం దగ్గరే రైతునడిగి సంవత్సరానికి సరిపడా కొమ్ములు తీసుకుని, కళ్ళెదుట గిర్నీలో పట్టించుకునే అదృష్టం మా ఊరివాళ్ళకుంది. అది లేనివారు పొట్లంమీద ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడాలి. అగ్‌మార్క్ ముద్ర ఉంటే ఇంకా మంచిది. ఆ ముద్రకు ఆధారమైన చట్టం 1937 నాటిది. మీ తాతల కాలం నుంచీ ఉన్నదన్నమాట.

ఎక్కడ ఎక్కువ పెట్టనక్కరలేదో కూడా చెప్పాలి. అట్టమీద సినిమా బొమ్మ ఉన్న నోటుపుస్తకానికి ఎక్కువ పెట్టనక్కరలేదు. బంగారపు రంగు డబ్బాలో పోసిన ఉప్పుకు అక్కరలేదు. రబ్బరు కొసన బొమ్మ తలకాయ ఉన్న పెన్సిలుకు అసలే అక్కరలేదు. చెక్కేటప్పుడు ములుకు విరగని పెన్సిలు కావాలి, బొమ్మ కాదు. ఇక మా పక్కనే ఉన్న అంకాపూరు నాటుకోడి కూరకు హైదరాబాదునుంచి కూడా కార్లేసుకుని వస్తారు, బ్రాయిలర్‌కంటే పిరమైనా. అది నాలుక బేరం. అందులో తీర్పు చెప్పడం నా పని కాదు.

పెద్దలకు ఒక్క మాట. చేతిలో పది రూపాయలే ఉన్న ఇల్లాలు పది రూపాయల పొట్లమే కొంటుంది. 25 గ్రాముల పొట్లం పది రూపాయలైతే కిలో 400 పడినట్టు. ఒకేసారి కిలో కొనగలిగినవాడికి అదే సరుకు ఇంకా తక్కువకు వస్తుంది. అంటే చిన్న పొట్లం కొనేవారే అందరికంటే ఎక్కువ చెల్లిస్తున్నారు. నాలుగిళ్ళవారు కలిసి కొమ్ములు తెప్పించుకుని, ఒకేసారి పట్టించి పంచుకుంటే ఈ చిక్కు కొంత తీరుతుంది. పిల్లలూ, మీ పక్కవాడి నోటుపుస్తకంలో సిరా ఊరితే నవ్వకండి. వాడికి ఈ లెక్క తెలియక కాదు, వాడి దగ్గర 60 రూపాయలు లేక.

ఇప్పుడు మీ పని. అమ్మనడిగి రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు తీసుకోండి. ఒకదానిలో ఒక చెంచాడు పసుపు పొడి వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపైతే అడుగుకు దిగి, పైన నీరు లేత పసుపుగా నిలుస్తుంది. కల్తీ రంగు ఉంటే నీరంతా ముదురు పచ్చగా మారుతుంది. రెండో గ్లాసులో ఒక కొమ్ము వేయండి. వేయగానే నీళ్ళలోకి పచ్చరంగు కారితే ఆ కొమ్ముకు రంగు పూశారని అనుమానించాలి. మూడో ప్రయోగం: పసుపు కలిపిన నీళ్ళలో తెల్ల కాగితం ముంచి ఆరబెట్టి, దానిమీద సున్నపు తేటను ఒక చుక్క వేయండి. ఎర్రబారుతుంది. ఇది కుర్కుమిన్ చేసే పని. కాని జాగ్రత్త: ఎర్రబడితే అందులో పసుపు ఉందని మాత్రమే తెలుస్తుంది, వేరే రంగు లేదని తెలియదు. అది ఖాయంగా తేల్చేది ప్రయోగశాలే. ఇంట్లో ఉన్న పొడి, పక్కింటి పొడి, దుకాణంలోని పొట్లం మూడింటినీ పరీక్షించి, ఒక్కొక్క గ్లాసు రంగునూ పక్కన గీసి, తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి. సిరా ఊరని పుస్తకంలో సుమా!