ఒడి ఆసనము కాదు

బిడ్డకు తల్లి ఒడిని మించిన చోటు లేదని మనమందరము నమ్ముదుము. ఇంటిలో అది నిజమే. పరుగెత్తుచున్న కారులో మాత్రము అది నిజము కాదు. ఈ మాట తలిదండ్రులకు కటువుగా తోచవచ్చును గాని, నా అనుభవమే నాచేత దీనిని వ్రాయించుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట వేసవి సెలవులలో మా బావమరిది కారులో తిరుపతి నుండి మదనపల్లెకు వెళ్లుచుంటిమి. నాలుగేండ్ల మా అమ్మాయిని ముందు సీటున నా ఒడిలో కూర్చుండబెట్టుకొంటిని. భాకరాపేట కనుమను జాగ్రత్తగా దాటితిమి. 2022 మార్చి నెలలో నిశ్చితార్థమునకు వచ్చుచున్న బస్సు లోయలో పడి పలువురు మరణించిన కనుమ అదియే. ఘాటు దాటినది, ఇక భయము లేదనుకొంటిమి. పీలేరు సమీపమున చదునైన రోడ్డుపై ఒక గేదె అడ్డము వచ్చెను. మా బావమరిది బ్రేకు వేసెను. రెండు చేతులతో పట్టుకొనియున్నను పిల్ల నా పట్టు తప్పి ముందున్న డాష్‌బోర్డుకు కొట్టుకొనెను. కనుబొమ్మపై నాలుగు కుట్లు పడినవి. తప్పు గేదెది కాదు, బండి నడిపినవానిదియు కాదు, నాది.

నా పట్టు ఏల నిలువలేదు? పై తరగతుల విద్యార్థులు తామే లెక్క కట్టి చూడవచ్చును. గంటకు 50 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 14 మీటర్లు. ఆ వేగమున పోవు కారు దేనినైనను ఢీకొని, సెకనులో పదియవ వంతు కాలమున నిలిచిపోయినదనుకొందము. అప్పుడు 10 కిలోగ్రాముల శిశువును ఆపుటకు దాదాపు 140 కిలోగ్రాముల బరువును మోయునంత బలము కావలెను. ఏ తల్లి చేతులకు అంత బలము కలదు? ఆ వేగముతో కొట్టుకొనుట 10 మీటర్ల ఎత్తు నుండి, అనగా మూడంతస్తుల మేడ నుండి, పడుటతో సమానము. పిట్టగోడ లేని మేడపై బిడ్డను విడువని మనము, కారులో వానిని నిలువబెట్టి ముచ్చటపడుచున్నాము.

ముందు సీటున మరియొక అపాయము కలదు. అచ్చట దాగియున్న ఎయిర్‌బ్యాగు పెద్దవారిని కాపాడుటకు ఏర్పడినది. అది రెప్పపాటులో విచ్చుకొనునప్పుడు ఒడిలోని బిడ్డ తలకే దెబ్బ తగులును.

వెనుక కూర్చున్నవారికి బెల్టు ఏలయని కొందరందురు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ వద్ద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణించుచున్న కారు వంతెన గోడను ఢీకొనెను. ముందున్న ఇద్దరు గాయములతో బ్రతికిరి. బెల్టు లేక వెనుక కూర్చున్న ఆయనయు, మరియొకరును మరణించిరి.

చట్టము కూడ ఈ మాటయే చెప్పుచున్నది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, 14 ఏండ్లు నిండని పిల్లలకు సీటు బెల్టుగాని, పిల్లల కొరకైన ప్రత్యేకాసనముగాని ఉండవలెను. లేనిచో 1,000 రూపాయల జరిమానా. అయితే జరిమానాకు భయపడి బిడ్డను కాపాడుకొను తలిదండ్రులుందురా?

ప్రత్యేకాసనము ఖరీదైనదనియు, బాడుగ కార్లలో అది ఉండదనియు మీరందురు. నిజమే. కాని కారు కొనగలిగినవారు దానితోపాటు ఈ ఆసనమును కొనలేకపోరు. పసిబిడ్డ ఆసనమును వెనుక సీటున, బిడ్డ ముఖము బండి వెనుక వైపునకు ఉండునట్లు అమర్చవలెను. అది లేనివారు సహితము మూడు పనులు చేయవచ్చును. పిల్లలను వెనుక సీటుననే కూర్చుండబెట్టవలెను. బెల్టు సరిపోవు వయసువానికి వేరుగా బెల్టు పెట్టవలెను. తల్లికిని బిడ్డకును కలిపి ఒకే బెల్టు చుట్టరాదు, తల్లి బరువే బిడ్డను నలిపివేయును. పెండ్లికి పోవునప్పుడు అయిదుగురు పట్టు బండిలో పదిమందిని ఎక్కింపరాదు.

విద్యార్థులారా, మీకును ఒక పని కలదు. బండి కదలకముందు తమ్ముని బెల్టును, చెల్లెలి బెల్టును మీరే చూడుడు. పెద్దవారు మరచినచో వినయముతో జ్ఞాపకము చేయుడు.

ప్రయాణమునకు ముందు ప్రార్థించుట మన ఇండ్లలో మంచి అలవాటు. ఆ దినమున మేమును ప్రార్థించియే బయలుదేరితిమి. కాని జోడించిన చేతులతోనే బెల్టును కూడ బిగింపవలెనని నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. మా అమ్మాయి కనుబొమ్మపై మచ్చ నేటికిని నాకు ఆ పాఠమును చెప్పుచున్నది. మీరు మచ్చ లేకుండ నేర్చుకొందురు గాక.