తమ్ముడూ, ముందు తూటా ధర చూడు

మొన్న ఆదివారం పొద్దున్నే హ్యూస్టన్ నుంచి మా బాబాయి కొడుకు ఫోన్. ‘అన్నా, ఆఫీసులో అందరూ వీకెండ్ షూటింగ్‌కి వెళ్తున్నారు. నేనూ ఓ చిన్న రైఫిల్ కొందామనుకుంటున్నా. చవగ్గా, మంచిది ఏదో చెప్పవా?’ అన్నాడు. నేను డాలస్‌లో ఉంటా. గ్రీన్‌కార్డు వచ్చాక ఒకటి కొన్నా. దాంతో మా చుట్టాల్లో తుపాకుల ఎక్స్‌పర్ట్‌ని నేనే అయిపోయా!

‘రైఫిల్ తర్వాత, ముందు నీ వీసా సంగతి చూద్దాం’ అన్నా. వాడు హెచ్1బీ మీద ఉన్నాడు. అమెరికాలో ఎవరైనా షాపుకెళ్లి తుపాకీ కొనేయొచ్చని మనవాళ్లు అనుకుంటారు. కానీ హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొన్నా, దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఫ్రెండ్‌ది తీసుకుని కాల్చినా చిక్కే. గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. షాపులో నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్నలన్నీ ఉంటాయి. అందులో అబద్ధం రాస్తే అదింకో నేరం. ఖాళీ డబ్బాలు కొట్టే సరదా కోసం వీసా పోగొట్టుకోకూడదు కదా! లాయర్‌ని అడిగాకే ముందుకెళ్లమన్నా.

‘సరే, అన్నీ కుదిరాయనుకో. అప్పుడు ఏది కొనాలి?’

‘దేంతో ఏం కొడతావ్?’ అనడిగా. అసలు ప్రశ్న ఇదే.

ఖాళీ కోక్ డబ్బాలు వరసగా పెట్టి కొట్టడాన్ని ఇక్కడ ప్లింకింగ్ అంటారు. డబ్బాకి తగిలినప్పుడు వచ్చే చప్పుడే దాని పేరు. దీనికి .22 ఎల్ఆర్ తూటాకి మించింది లేదు. 1887 నుంచీ ఉంది. భుజానికి దెబ్బ తెలీదు. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లు కాల్చింది కూడా .22 రైఫిలే. తూటా ఒక్కోటి పది సెంట్ల చుట్టుపక్కల పడుతుంది.

1964లో వచ్చిన రూగర్ 10/22 ఈ తూటాకి బాగా పేరున్న రైఫిల్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలుతుంది, మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి. నేను కొన్నది అదే. సావేజ్ మార్క్ 2 అయితే బోల్ట్ యాక్షన్. ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ వెనక్కి లాగి తొయ్యాలి. కొత్తవాళ్లకు నా ఓటు దీనికే. లాగి తోసే ఆ రెండు క్షణాల్లో మళ్లీ గురి చూసుకుంటాం, తూటాలూ దుబారా కావు.

ఇక నేను చేసిన తప్పు. లైసెన్స్ తీసుకుని, ఓ కొలీగ్ వాళ్ల రాంచ్‌కి ప్రెయిరీ డాగ్‌ల వేటకు వెళ్లా. పేరులో కుక్క ఉన్నా అది ఉడత జాతి. పచ్చిక బయలంతా బొరియలు తవ్వేస్తుంది. డబ్బాలు బాగానే కొడుతున్నా కదా అని, దాదాపు 120 గజాల దూరంలో ఉన్నదాన్ని నా .22తో కాల్చా. తగిలింది, కానీ చావలేదు. కాళ్లీడ్చుకుంటూ బొరియలోకి వెళ్లిపోయింది. ఎంతసేపు చూసినా బయటికి రాలేదు. రాంచ్ పెద్దాయన తిట్టలేదు. ‘దగ్గరికెళ్లి కొట్టాలి, లేదంటే కొట్టకూడదు’ అని మాత్రం అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిన్న జంతువుల మీద .22 ఎల్ఆర్‌ని 75 గజాల లోపే నమ్మాలని అప్పుడు తెలిసింది. అంతకు మించి కొట్టాలంటే 2002లో వచ్చిన .17 హెచ్ఎంఆర్ ఉంది. చాలా వేగంగా, దాదాపు తిన్నగా వెళ్తుంది. కానీ తూటా తేలిక, గాలికి పక్కకి పోతుంది. ధర దాదాపు మూడు రెట్లు. పైగా దాని రైఫిల్ వేరు, .22లో అది పట్టదు.

అందుకే తమ్ముడికి చెప్పా: ‘రైఫిల్ మూడు నాలుగు వందల డాలర్లలో వచ్చేస్తుంది. అది ఒక్కసారి ఖర్చు. తూటాల ఖర్చు ప్రతి వారం. ప్రాక్టీస్‌కి సరిపడా తూటాలు కొనలేని రైఫిల్ ఎంత చవగ్గా వచ్చినా దండగే. ముందు .22 కొను. యాభై గజాల్లో పదికి పది కొట్టాక వేట మాట ఎత్తు.’

మిగిలిన బడ్జెట్ చెవులకి, కళ్లకి రక్షణ, ఇంట్లో తాళం వేసే పెట్టె. .22 బుల్లెట్ చిన్నదే కానీ మైలున్నర దూరం వెళ్లగలదు. రాయికో నీళ్లకో తగిలితే ఎటో ఎగిరిపోతుంది. డబ్బా వెనకాల మట్టిగట్టు లేకపోతే కాల్చనే కూడదు.

ఇండియాలో ఉన్న ఫ్రెండ్స్‌కి ఒక మాట. అక్కడ .22కి లైసెన్స్ తప్పనిసరి. .177 సైజు, 20 జూల్స్ లోపు ఎయిర్ రైఫిల్‌కి అక్కర్లేదు. అయితే పేపర్ టార్గెట్లు, డబ్బాలే కొట్టండి. పిట్టల జోలికెళ్తే 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

నిన్న తమ్ముడి మెసేజ్: ‘లాయర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా అన్నా. రైఫిల్ ఇంకా చూడలేదు.’

బొటనవేలు ఎమోజీ పెట్టా. వాడికి గురి కుదురుతోంది!