అమెరికా పంచదార వెనుక ఓట్ల లెక్క

న్యూయార్క్ వాయిదా బజారులో ముడి పంచదారకు రెండు ధరలున్నాయి. 11వ నంబరు కాంట్రాక్టుది ప్రపంచ ధర, 16వ నంబరుది అమెరికా సొంత ధర. రెండోది దాదాపు ఎప్పుడూ హెచ్చుగానే పలుకుతుంది. కొన్ని సంవత్సరాలలో రెట్టింపు కూడా పలికింది. ఇంత వ్యత్యాసాన్ని ఓడ కిరాయితో గాని, సరుకు నాణ్యతతో గాని సమర్థించడానికి వీలులేదు. ఇది చట్టం కల్పించిన తేడా.

ఆ చట్టం నడిచే తీరు వర్తకులకు సులువుగానే బోధపడుతుంది. మిల్లు యజమాని తన పంచదారను కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థకు తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటాడు. బజారు మందగిస్తే అప్పు తీర్చనక్కరలేదు, సరుకును వదిలేస్తే చాలు. ముడి పంచదారపై ఈ అప్పు 2018 చట్టం ప్రకారం పౌనుకు 19.75 సెంట్లు. 2025 జూలైలో వచ్చిన చట్టం దానిని 24 సెంట్లు చేసింది. అంటే క్వింటాలుకు సుమారు 53 డాలర్లు. ఇలాంటి తాకట్టు వ్యాపారం మన బజారులో ఏ సేటూ చెయ్యడు. సరుకు తన నెత్తిన పడకుండా ఉండాలంటే ప్రభుత్వం ధరను పైనే నిలబెట్టాలి. అందుకోసం దిగుమతులకు కోటాలు, దేశీయ మిల్లుల అమ్మకాలకు కేటాయింపులు పెట్టారు. కాబట్టి బడ్జెట్‌లో ఖర్చు పెద్దగా కనబడదు, భారమంతా కొనేవాడి మీద పడుతుంది. ఆ భారం ఏడాదికి 250 కోట్ల నుంచి 350 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2023లో అంచనా వేసింది.

తలకు పంచితే అది ఏడాదికి పది డాలర్లు మాత్రమే. పది డాలర్ల కోసం వాషింగ్టన్ వెళ్ళి అర్జీ పెట్టుకునే గృహిణి ఎవరు? మిన్నెసోటా, నార్త్ డకోటాల మధ్య రెడ్ నది లోయలో బీటు దుంప పండించే రైతులకు మాత్రం అదే సర్వస్వం. అక్కడి మిల్లులు రైతుల సహకార సంఘాలవే. వాటి రాజకీయ నిధి డెమొక్రాట్లకూ ఇస్తుంది, రిపబ్లికన్లకూ ఇస్తుంది. ఇలాంటి నిధి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు ఇవ్వదగినది 5,000 డాలర్లే. మొత్తం చిన్నదే, కాని బీటు ముఖం ఎరుగని నియోజకవర్గాల సభ్యులకు కూడా అందుతుంది. పైగా సుమారు 8 లక్షల జనాభా గల నార్త్ డకోటాకూ, 4 కోట్లకు చేరువలో ఉన్న కాలిఫోర్నియాకూ సెనేట్‌లో చెరి రెండు స్థానాలే.

ఎదుటి పక్షం బలహీనమైనదేమీ కాదు. చాక్లెట్లు, మిఠాయిలు తయారు చేసే పెద్ద కంపెనీలకు కూడా లాబీలున్నాయి, డబ్బున్నది. అయినా 2013లో ప్రతినిధుల సభలో వారి సవరణ 206–221 ఓట్లతో వీగిపోయింది. 2018లో మళ్ళీ ప్రయత్నిస్తే 137–278. ఇందుకు కారణం వ్యవసాయ బిల్లు కట్టిన మూటలోనే ఉన్నది. మొక్కజొన్న, పత్తి, వేరుశనగ, పాలు, పంచదార, పేదలకు ఆహార సహాయం అన్నీ ఒకే బిల్లు. నా పత్తి జోలికి నువ్వు రాకు, నీ దుంప జోలికి నేను రాను అన్నది అక్కడి ఒప్పందం. మిఠాయి కంపెనీకి మరో దారి కూడా ఉన్నది: లైఫ్ సేవర్స్ తయారీని 2000 తర్వాతి సంవత్సరాలలో మిషిగన్ నుంచి కెనడాలోని మాంట్రియల్‌కు తరలించారు. పొలాన్ని అలా తరలించలేని రైతు ఓటునే నమ్ముకుంటాడు.

దీనిని లంచమని కొట్టిపారేయడం తేలిక, కాని సరికాదు. లంచం వాసన కొట్టిన ఘట్టం పాల వ్యాపారంలో ఉన్నది. 1971 మార్చి 12న పాల మద్దతు ధర పెంచేది లేదని ప్రకటించిన ప్రభుత్వం, 23న పాల సంఘాల నాయకులు అధ్యక్షుడు నిక్సన్‌ను కలిసిన తర్వాత, 25న పెంచింది. వాటిలో పెద్ద సంఘం అక్రమ విరాళాల కేసులో 1974లో నేరం ఒప్పుకున్నది. పంచదార లాబీ అంత మోటుగా నడవదు. నిధి ఇచ్చిన చందాలు ఎన్నికల కమిషన్ లెక్కలకు ఎక్కుతాయి, లాబీయిస్టులు 1995 చట్టం ప్రకారం తమ ఖర్చు ప్రకటిస్తారు. అంతా బహిరంగమే, ధర మాత్రం దిగదు. లెక్కలు బయటపెడితే చాలు, రాజకీయాలు బాగుపడతాయని మన దేశంలో వాదించేవారు ఈ ఉదాహరణను ఒకసారి పరిశీలించాలి.

మన ఎగుమతిదారులకు ఇందులో ఉన్నది స్వల్పం. అమెరికా ముడి పంచదార కోటా కనీస పరిమాణం 11,17,195 టన్నులు. పంపిణీ 1975–81 నాటి దిగుమతుల ఆధారంగా జరుగుతుంది. డొమినికన్ రిపబ్లిక్‌కు 1,85,335 టన్నులు, భారతదేశానికి 8,424 టన్నులు. నలభై ఏళ్ళలో మన ఉత్పత్తి ఎన్ని రెట్లు పెరిగినా ఆ నిష్పత్తి కదలలేదు. 24 సెంట్ల రేటును 2025 చట్టం 2031 పంట వరకు ఖాయం చేసింది. ఈలోగా అక్కడ 2026, 2028, 2030 ఎన్నికలు వస్తాయి. అభ్యర్థులు సరళ వ్యాపారం గురించి ఏమి పలికినా, కోటా పెరుగుతుందన్న ఆశతో ఇక్కడ సరుకు నిల్వ పెట్టడం తెలివైన పని కాదు.