ఆరోగ్యమే మహాభాగ్యం: ‘రిపోర్టులో ఏమీ లేదు’ అన్న తర్వాత



గత సంచికలో వానాకాలపు జ్వరాల గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి థర్మామీటరుకు అందని బాధ గురించి, దానికి వైద్యం ఏ గుమ్మంలో మొదలుకావాలన్న సంగతి గురించి చెప్పుకుందాం.

మనసు బాగాలేదని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు మన ఇళ్లల్లో ఎంతమంది? చాలా తక్కువ. తల దిమ్ముగా ఉందని వెళతారు. గుండెల్లో దడ అని, అరికాళ్ల మంటలని, అన్నం సయించడం లేదని, ఒళ్లంతా పీకుతోందని వెళతారు. డాక్టరు గారు రక్తపరీక్ష రాస్తారు, ఇ.సి.జి. తీయిస్తారు. అన్నీ చూసి, ‘‘రిపోర్టులో ఏమీ లేదమ్మా, బాగానే ఉన్నారు’’ అంటారు. బలానికి ఒక టానిక్కో, నిద్రకు ఒక మాత్రో రాసి పంపిస్తారు. పది రోజులకు మళ్లీ అదే బాధ, ఇంకో డాక్టరు, ఇంకో పరీక్ష. చివరికి ఇంట్లోవాళ్లకే విసుగు పుట్టి, ‘‘ఆవిడకేమీ లేదు, ఊరికే అంటుంది’’ అనేస్తారు.

ఊరికే ఎవరూ అనరు. దిగులు, ఆందోళన ముదిరినప్పుడు నిద్ర, ఆకలి, అరుగుదల, గుండె వేగం, కండరాల బిగువు అన్నీ మారతాయి. అందుచేత ఆ నొప్పి నిజమైన నొప్పే. రిపోర్టులో ఏమీ లేదంటే, ఆ పరీక్షకు దొరికే జబ్బు లేదని మాత్రమే అర్థం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. థైరాయిడ్ తగ్గినా, బి-12 విటమిను చాలకపోయినా, రక్తహీనత ఉన్నా మనిషి అచ్చం దిగులు పడ్డట్టే కనిపిస్తాడు. మనసు జబ్బేనని ముందే తీర్మానించుకుని ఒంటి పరీక్షలు మానేస్తే అదీ ప్రమాదమే. అందుకే ఒంటి వైద్యాన్ని, మనసు వైద్యాన్ని ఒకే గుమ్మంలో కలిపి అందించాలని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ గుమ్మం మనకందరికీ తెలిసినదే. అది మన వీధి డాక్టరు గారిది, లేదా మన పేటలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానిది.

బళ్లారి నేర్పిన పాఠం

ఈ ఆలోచన మనకు కొత్తదీ కాదు, దూరపుదీ కాదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 1975లో సముదాయ మానసిక ఆరోగ్య విభాగాన్ని ప్రారంభించి, నగరానికి దగ్గరలోని సకలవారలో గ్రామీణ కేంద్రాన్ని నడిపింది. అదే రోజుల్లో చండీగఢ్ వైద్యులు హర్యానాలోని రాయిపూర్ రాణిలో ఇలాంటి పనే తలపెట్టారు. మనసు జబ్బులకు తొలి వైద్యం చేయడం మామూలు డాక్టర్లకూ, ఆరోగ్య కార్యకర్తలకూ నేర్పవచ్చునని రెండు చోట్లా తేలింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ఈ పద్ధతిని ఒక జిల్లా మొత్తం మీద నడిపి చూడడానికి బళ్లారిని ఎంచుకున్నారు.

బళ్లారి గురించి మనవాళ్లకు వేరే చెప్పాలా? 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండగా, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. తెలుగూ కన్నడమూ ఒకే వీధిలో వినిపించే ఊరు అది.

1985 నుంచి 1990 వరకు అక్కడ జరిగిన పని చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. ఇంటింటికీ తిరిగే కార్యకర్తలకు మూర్ఛ, తీవ్రమైన మనోవ్యాధి, దిగులు జబ్బు, పిల్లల్లో బుద్ధి ఎదుగుదల లోపం ఎలా గుర్తుపట్టాలో నేర్పారు. ముఖ్యమైన కొన్ని మందులు ఆరోగ్య కేంద్రంలోనే అందుబాటులో ఉంచారు. అక్కడ లొంగని కేసులను చూడడానికి జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యం ఏర్పాటు చేశారు. ప్రతి చిన్నదానికీ సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు పరుగెత్తే అవసరం తగ్గింది. జ్వరం మాత్రకు నిలబడే వరుసలోనే మనసు మందుకూ నిలబడవచ్చు. పక్కింటివాళ్లకు ఆరా తీయడానికి ఏమీ ఉండదు.

బళ్లారి నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలతో మొదలైంది. తమిళనాడులోని తిరుచిరాపల్లి, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ వాటిలో ఉన్నాయి. తర్వాత అది దేశమంతా విస్తరించింది.

అంతమాత్రాన పని పూర్తయిందనుకోకూడదు. నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. దిగులు, ఆందోళన వంటి సాధారణ సమస్యలున్నవారిలో నూటికి 85 మందికి వైద్యమే అందడం లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. డాక్టరు గారికి ఎంత శిక్షణ ఇచ్చినా, బయట వందమంది వేచి ఉంటే ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే దొరుకుతాయి. ఆయనకు బదిలీ అయితే నేర్చిన విద్య కూడా ఆయన వెంటే వెళ్లిపోతుంది.

డాక్టరు పక్కన ఇంకొక మనిషి

ఈ చిక్కుకు దారి చూపిన పరిశోధనలు మన చుట్టుపక్కల ఊళ్లలోనే జరిగాయి. గోవాలో డాక్టర్లు కాని స్థానికులకే శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల్లో రోగులతో తీరిగ్గా మాట్లాడించారు. ప్రభుత్వ కేంద్రాలకు వచ్చినవారిలో కోలుకున్నవారి సంఖ్య పెరిగిందని 2010లో ప్రకటించారు.

తర్వాతిది షుగరు వ్యాధికి సంబంధించినది. షుగరు ఉన్నవాళ్లలో దిగులు జబ్బు మిగతావాళ్లకన్నా ఎక్కువ. దిగులు పడ్డ మనిషి మాత్ర వేసుకోవడం మరచిపోతాడు, నడక మానేస్తాడు, షుగరు పెరుగుతుంది. పెరిగిన అంకె చూసి దిగులు ఇంకాస్త ముదురుతుంది. చెన్నై, బెంగళూరు, విశాఖపట్నం, ఢిల్లీ నగరాల్లోని నాలుగు వైద్యశాలల్లో ఈ రెండు బాధలూ ఉన్న 404 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యమే. రెండో జట్టుకు డాక్టరుతో పాటు ఒక సహాయకుడినో సహాయకురాలినో ఇచ్చారు. ఆ మనిషి పని పలకరించడం, మందులు వేసుకుంటున్నారా అని కనుక్కోవడం, మనసు ఎలా ఉందో ప్రశ్నలతో కొలిచి రాసుకోవడం. ఆ కాగితాలను నిపుణులు కూర్చుని చూసి, మందు మార్చాలో వద్దో డాక్టరుకు సలహా ఇచ్చేవారు.

ఈ ఏర్పాటు ఏడాది నడిచింది. రెండేళ్లు గడిచాక లెక్క చూశారు. దిగులు కనీసం సగం తగ్గి, దానితో పాటు షుగరు, బి.పి., కొలెస్ట్రాల్‌లలో ఒకటైనా చెప్పుకోదగ్గంత మెరుగైనవారు మామూలు జట్టులో 57.4 శాతం, రెండో జట్టులో 71.6 శాతం. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఇందుకోసం కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందునే, అడిగే మనిషిని పక్కన పెట్టి ఇచ్చారు.

మన ఇళ్ల సంగతి

ఇక ప్రవాసాంధ్రులమైన మనకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది ఒకటి ఉంది. అది భాష. మూడు తరాలుగా ఇక్కడే ఉండి, బజారులో కన్నడమో తమిళమో ధారాళంగా మాట్లాడే అమ్మమ్మ కూడా కష్టం వచ్చినప్పుడు తెలుగులోనే ఏడుస్తుంది. ‘బెంగ’ అన్న మాటనే తీసుకోండి. డాక్టరు గారికి కన్నడంలో ‘చింతె’ అనో, తమిళంలో ‘కవలై’ అనో, మరాఠీలో ‘కాళజీ’ అనో చెబుతాం. అవన్నీ విచారానికి పేర్లే గాని, దూరమైన మనిషి కోసం, వదిలి వచ్చిన ఊరి కోసం లోలోపల కృశించిపోవడం వాటిలో సగమే అందుతుంది. యానాం వారికి ఇంటి భాషా వీధి భాషా ఒకటే గనుక ఈ బాధ తక్కువ. షోలాపూర్‌కో బరంపురానికో కొత్తగా కోడలిగా వచ్చిన పిల్లకు ఇది రెట్టింపు. ఆ పిల్ల బాలింతగా ఉండి, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటూ, పసిబిడ్డను ఎత్తుకోబుద్ధి కావడం లేదంటే, అది పొగరూ కాదు, గాలి సోకడమూ కాదు. చూపిస్తే నయమయ్యే జబ్బు కావచ్చు.

ఇంకొక సంగతి. డాక్టరు గదిలో మాట తర్జుమా చేసేది కొడుకో, అత్తగారో అయినప్పుడు అసలు మాట బయటికి రాదు. కొడుకు ముందు తల్లి చెప్పలేదు, అత్త ముందు కోడలు చెప్పలేదు. ‘‘అయిదు నిమిషాలు వాళ్లతో విడిగా మాట్లాడండి డాక్టరు గారూ’’ అని మనమే అడిగి బయటికి రావాలి. భాష అడ్డమైతే, ఆ మనిషికి నమ్మకమున్న స్నేహితురాలినో, దూరపు బంధువునో తోడు తీసుకెళ్లాలి.

ఇంట్లో మనం చేయగలిగినవి కొన్ని రాస్తున్నాను.

1. రెండు ప్రశ్నలు అడగండి. గత రెండు వారాలుగా ఏ పని మీదా ఆసక్తి, సంతోషం లేకుండా పోయిందా? మనసు కుంగినట్టు, ఆశ చచ్చిపోయినట్టు అనిపిస్తోందా? ప్రపంచమంతటా డాక్టర్లు మొదట అడిగే ప్రశ్నలివే. చాలా రోజులు అలాగే ఉందంటే జబ్బు ఖాయమని కాదు, డాక్టరు గారికి చెప్పవలసిన సమయం వచ్చిందని.

2. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఆయుర్వేదమైనా, నిద్రమాత్రలైనా దాచవద్దు. మగవాళ్లు తాగుడు సంగతి కూడా చెప్పాలి. డాక్టరు రాసిన గడువు దాటి నిద్రమాత్రలు సొంతంగా కొని వాడితే అలవాటైపోతాయి. అలవాటైనవాటిని ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే.

3. దిగులు మందు పని చేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదని, నెలకే బాగైపోయిందని ఆపేయకూడదు. ఎప్పుడు, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

4. ఖర్చు గురించి భయముంటే ఈ సంగతి తెలుసుకోండి. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం మన హక్కు. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా ఆ చట్టం చెబుతోంది.

5. బతకాలని లేదన్న మాట ఎవరి నోటైనా వస్తే, తిట్టవద్దు, తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ ‘టెలీ మానస్’ ఫోను నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు కట్టనక్కర లేదు. తెలుగుతో కలిపి 20 భాషల్లో ఈ సేవ ఉంది. తెలుగు కావాలని అడగండి.

చివరిగా మన సంఘాలకు ఒక విన్నపం. ఉగాదికి పచ్చడి పంచుతాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడతాం. వాటితో పాటు, మన ఊళ్లో తెలుగు మాట్లాడే డాక్టర్లు ఎవరెవరున్నారో ఒక జాబితా తయారుచేసి సభ్యులకు అందజేస్తే ఎంత మేలు! ఆసుపత్రికి తోడు వెళ్లి మాట సాయం చేయగల ఇద్దరు ముగ్గురు పెద్దలు ప్రతి శాఖలోనూ ఉంటారు. విన్న సంగతి గడప దాటించకుండా కడుపులో పెట్టుకోగలవారిని ఎంచుకుంటే చాలు. షుగరు వైద్యశాలల్లో ఆ సహాయకులు చేసిన పనిలో సగం పలకరింపే. అది మనకు చేతకానిదేమీ కాదు.

ఈసారి డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు షుగరు చీటీతో పాటు పై రెండు ప్రశ్నల జవాబులు కూడా పట్టుకెళ్లండి. వచ్చే సంచికలో పసిపిల్లల టీకాల గురించి ముచ్చటించుకుందాం. అంతవరకు సెలవు.