వాళ్లకు చిప్పులు, మనకు చిప్పలా?

మిర్యాలగూడలో ఏ రైసు మిల్లుకైనా పోయి సార్టెక్స్ మిషను దగ్గర కాసేపు నిలబడండి. పైనుంచి బియ్యం ధారగా జారుతుంటయ్. కెమెరా గింజ గింజను చూస్తది. రంగు మారిన గింజ, నల్ల గింజ కనపడితే చాలు, గాలి ఊది పక్కకు నెడ్తది. గింజ ఏరే పని ఒకప్పుడు ఆడకూలీలది. ఇప్పుడు మిషను లోపల గోరంత ముక్క ఆ పని చేస్తున్నది. దాని పేరే చిప్పు. మిషను కింద బస్తా పట్టి, మూతి కుట్టి, వీపు మీద మోసి లారీకెక్కించే హమాలీ ఏ వాడ మనిషో మేం చెప్పనక్కర లేదు.

కాబట్టి చిప్పు మన దాకా రాలేదనేది అబద్ధం. కోదాడ పక్క ఊర్లల్ల ఇంట్ల కూసొని ఫోనుతో బోరు మోటరు ఆన్ చేసే స్టార్టర్ల ఉన్నది. సూర్యాపేట బస్టాండ్ల కండక్టరు చేతిలో టికెట్ మిషన్ల ఉన్నది. ముసలవ్వ వేలిముద్ర పడకపోతే బియ్యం ఆపే రేషను షాపు మిషన్ల ఉన్నది. చిప్పు కొనేకాడ మనం ఉన్నం, దాని పక్కన బరువు మోసేకాడ ఉన్నం. ఆలోచించి దాన్ని గీసేకాడ మాత్రం లేం. ఈ పక్షం మేం రాస్తున్నది దాని గురించే.

ఢిల్లీ సర్కారు 2021 డిసెంబర్‌లో సెమీకండక్టర్ మిషన్ అని పెట్టి 76 వేల కోట్ల రూపాయలు పక్కకు తీసింది. 2025 ఆగస్టు నాటికి పది ప్రాజెక్టులకు మంజూరు ఇచ్చింది. అందులో నాలుగు గుజరాత్‌వే. ఒడిశాకు రెండు. అస్సాం, ఉత్తరప్రదేశ్, పంజాబ్, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌కు ఒక్కొక్కటి. ఆ పదిలో తెలంగాణకు సున్న. దీని మీద హైదరాబాద్ నాయకులు, ఢిల్లీ నాయకులు ఒకరినొకరు తిట్టుకున్నరు. తిట్టుకోనీయండి. మా లెక్క వేరే.

గుజరాత్‌లోని సాణంద్‌లో అమెరికా కంపెనీ మైక్రాన్ పెట్టిన ఫ్యాక్టరీనే తీసుకోండి. మొత్తం ఖర్చు 22,516 కోట్లు. సగం కేంద్రం ఇస్తది. ఇంకో 20 శాతం గుజరాత్ సర్కారు ఇస్తది. అంటే వంద రూపాయలల్ల డెబ్బై ప్రజల సొమ్ము. సబ్బు బిళ్ల కొన్నా, పిల్లగానికి చెప్పులు కొన్నా పన్ను కట్టే కూలి మనిషి సొమ్ము కూడా అందులో ఉన్నది. నేరుగా వచ్చే కొలువులు 5 వేలని కంపెనీయే ప్రకటించింది. భాగించి చూడండి, ఒక్కో కొలువు మీద మూడు కోట్లు దాటుతది. 2024 జూన్‌లో కేంద్ర మంత్రి కుమారస్వామి కూడా ఇదే లెక్క అడిగి, తర్వాత మాట సర్దుకున్నడు. మంత్రికే సర్దుకోవలసి వస్తే మనల్ని అడగనిస్తరా? అయినా అడుగుతున్నం: పైసలు మనవైనప్పుడు ఆ 5 వేల కొలువులల్ల మన వాటా ఎంత?

వాటా లేదు. రాజ్యాంగం 16వ అధికరణంలో ఉన్న రిజర్వేషన్ సర్కారు కొలువులకే. కంపెనీ గేటు మీద ప్రైవేట్ బోర్డు ఉన్నది కాబట్టి ఆ అధికరణం గేటు బయటనే ఆగిపోతది. పైసలు తీసుకునేటప్పుడు మాత్రం 'మేం ప్రైవేట్, సర్కారు సొమ్ము వద్దు' అని ఏ కంపెనీ అనలేదు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి వర్గీకరణ చట్టం అమలైంది. పదిహేను శాతం ఒకటి, తొమ్మిది, అయిదుగా మూడు భాగాలైంది. ఎవరికెంత రావాలని వాడలల్ల ఇంకా మాటామాటా నడుస్తనే ఉన్నది. ఆ పంచాయితీ ఇక్కడ తెంపడం మా పని కాదు. కానీ చిప్పుల కంపెనీలో పదిహేనే లేదు. మాల, మాదిగ, ఉపకులాలోళ్లు సున్నను ఎట్ల పంచుకుంటరు?

దీనికి వాళ్లు చెప్పే జవాబు ఒక్కటే: ప్రతిభ. చిప్పు పని చాలా సన్నటి పని, రిజర్వేషన్లతో వచ్చినోళ్లు చెయ్యలేరట. అయితే హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఎవరిది? 1967లో ఏ.ఎస్. రావు గారి ముందుచూపుతో మొదలైన సర్కారు కంపెనీ అది. అందులో రిజర్వేషన్ ఉన్నది. ఊర్లకు మొదట వచ్చిన ఈసీ టీవీ అక్కడిదే. పంచాయతీ ఆఫీసుల ఆ టీవీ పెడితే మేం గడప బయట కూసొని చూసినం. ఆ డబ్బాను చేసినోళ్లల్ల మనోళ్లు కూడా ఉంటరని అప్పుడు మాకు తెల్వదు. ఇయ్యాల దేశమంతా ఓటేసే మిషన్లు చేసేది రెండే సంస్థలు: ఈసీఐఎల్, బెంగళూరులోని బెల్. రెండూ సర్కారువే, రెండింటిలో రిజర్వేషన్ ఉన్నది. రిజర్వేషన్ ఉన్నకాడ చేసిన మిషన్‌తో గెలిచి గద్దెనెక్కినోళ్లే మనకు ప్రతిభ పాఠాలు చెప్తున్నరు.

2025 సెప్టెంబర్‌లో ప్రధాని చేతికి 'విక్రమ్' అనే చిప్పు ఇచ్చి ఫొటోలు తీసిండ్రు. అది ఎక్కడ తయారైంది? కొత్త ప్రైవేట్ ఫ్యాక్టరీల కాదు. ఇస్రో కోసం మొహాలీలోని సర్కారు సంస్థల తయారైంది. ఆ సంస్థ 1980లల్లనే మొదలైంది. 1989లో అగ్గిపాలైంది. తర్వాత చానా ఏండ్లు దాని మీద సర్కారు పెద్ద సొమ్ము పెట్టలేదు. ప్రైవేటోళ్లకు మాత్రం సగం ఖర్చు చేతిల పెడుతున్నది.

ఇక డిజైన్ ముచ్చట. ఇది మా కార్యకర్తలకే సరిగ్గా అర్థం కాలేదు కాబట్టి కొంచెం విడమర్చి చెప్తం. చిప్పు చేసుడు వేరు, చిప్పు గీసుడు వేరు. మన తాతలు చెప్పు కుట్టేటప్పుడు ముందుగాల తోలు పరిచి, అరికాలు కొలత గీసేది. ఎక్కడ కోస్తే తోలు వృథా పోదు, ఎక్కడ కుట్టు పడితే ఏడాది నిలుస్తది, మోకు ఎక్కడ గుంజితే ముడుత పడ్తది, ఇదంతా గీత గీసేటప్పుడే తాత మనసులో తేలిపోయేది. ఆరె పట్టి కుట్టుడు తర్వాతి పని. గీతే డిజైన్. చిప్పు కూడా అంతే. కోట్ల కొద్దీ చిన్న చిన్న మీటలు ఎక్కడ ఉండాలె, కరెంటు ఏ దారిన పోవాలె, ఎక్కడ వేడెక్కుతది అని కంప్యూటర్ మీద ముందే గీసి, పరీక్షించి, ఆ గీతను ఫ్యాక్టరీకి పంపుతరు. ప్రపంచంలో చిప్పు డిజైన్ చేసే ఇంజనీర్లల్ల అయిదింట ఒక వంతు ఈ దేశంలోనే ఉన్నరని సర్కారే చెప్తున్నది. క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, మైక్రాన్, అందరి డిజైన్ ఆఫీసులు హైదరాబాద్‌లో ఉన్నయ్. సూర్యాపేట నుంచి బస్సెక్కితే మూడు గంటలల్ల చేరే దూరం.

డిజైన్‌కు వెయ్యి ఎకరాల భూమి అక్కర లేదు. ఫ్యాక్టరీ లెక్క రోజూ లక్షల లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు అక్కర లేదు. భూమి పేరు చెప్పి ఏం జరుగుతదో మనకు తెల్సు. 2006లో రంగారెడ్డి జిల్లా రావిర్యాల కాడ ఫ్యాబ్ సిటీ అని వెయ్యి ఎకరాలు దాటి చూపించిండ్రు, చిప్పు ఫ్యాక్టరీ లేవలేదు. డిజైన్‌కు కావలసింది కంప్యూటర్లు, తెగని కరెంటు, ఇంటర్నెట్టు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, చెప్పే గురువు. సూర్యాపేటలో 2023 అక్టోబర్‌లో ఐటీ హబ్ తెరిచిండ్రు. ఆ అంతస్తులల్ల ఒకదాన్ని చిప్పు డిజైన్‌కు ఎందుకు ఇయ్యరు?

ఇయ్యకపోగా ఉన్న దారి మూసేస్తున్నరు. ఈ పనికి దగ్గరి చదువు ఎలక్ట్రానిక్స్, అంటే ఈసీఈ. తెలంగాణ ఇంజనీరింగ్ సీట్లల్ల ఇప్పుడు మూడింట రెండు వంతులు కంప్యూటర్ సైన్సు, దాని తోబుట్టువులే. గిరాకీ దానికే అని ఈసీఈ, ఎలక్ట్రికల్ సీట్లు తగ్గించుకున్న కాలేజీలు చాలా ఉన్నయ్. హైదరాబాద్‌లో పెద్ద ఫీజు కట్టే పిల్లగానికి ఎట్లనో ఒకట్ల సీటు దొరుకుతది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద బతికే మన పిల్ల ఊరి దగ్గరి కాలేజీ తప్ప ఎక్కడికి పోతది? ఆ రీయింబర్స్‌మెంట్ కూడా బకాయిలే. 2025లో కాలేజీల యాజమాన్యాలే బంద్ పెట్టినయ్. బకాయి సర్కారుది, సర్టిఫికెట్ల కోసం ఆఫీసు చుట్టూ తిరిగేది మన పిల్లలు.

లోపల ఏముందో కూడా చూసినం. మాకు తెలిసిన ఒక కాలేజీ ల్యాబ్ తలుపు మీద డిజైన్ ల్యాబ్ అని బోర్డు ఉన్నది, లోపల సగం కంప్యూటర్లకు గుడ్డ కప్పి ఉన్నది. సినాప్సిస్, కేడెన్స్ లాంటి కంపెనీల డిజైన్ సాఫ్ట్‌వేర్ మామూలు కాలేజీ కొనగలిగింది కాదు, నిజమే. అందుకే కేంద్రం బెంగళూరు సీడాక్‌లో చిప్‌ఇన్ అనే కేంద్రం పెట్టి కాలేజీలకు ఆ సాఫ్ట్‌వేర్ అందిస్తున్నది. అయిదేండ్లల్ల 85 వేల మందికి నేర్పుతమని ఒక పథకం కూడా ఉన్నది. మన మూడు పట్టణాల నుంచి ఎన్ని కాలేజీలు దరఖాస్తు పెట్టినయ్? ఇంకో పథకంలో, చిన్న డిజైన్ కంపెనీ పెడితే ఖర్చులో సగం, 15 కోట్ల దాకా తిరిగి ఇస్తరట. తిరిగి ఇస్తరు, అంటే ముందుగాల పెట్టాలె. ముందు పెట్టే మొదటి కోటి ఏ వాడల ఉన్నది?

చదివి గట్టెక్కినోళ్లకు కూడా పేరు అడ్డం వస్తది. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టివెల్ అనే ఇద్దరు పండితులు ఒకే తీరు చదువున్న దరఖాస్తులు ప్రైవేట్ కంపెనీలకు పంపి చూసిండ్రు. దళితుల పేరున్నవాటికి పిలుపులు తక్కువ వచ్చినయని 2007లో రాసిండ్రు. అమెరికా పోయినా ఇది వదల్లేదు కాబట్టే 2023లో సియాటిల్ నగరం కుల వివక్ష నిషేధమని చట్టం చెయ్యాల్సి వచ్చింది.

మా మీద మేం కూడా ఒక మాట చెప్పుకోవాలె. 1998లో హైటెక్ సిటీ తెరిచినప్పుడు మనం ఏమన్నం? అది దొరల పిల్లల ముచ్చట, మన కొట్లాట భూమి మీద, కూలి మీద అన్నం. భూమి కొట్లాట తప్పు కాదు, ఇప్పటికీ తీరలేదు. కానీ అమీర్‌పేటల కోచింగులు నడిచిన ఆ పదేండ్లు మన పిల్లలకు దారి చూపే పని సంఘాలు చెయ్యలేదు. బస్సు పోయినంక బస్టాండ్ల నిలబడ్డం. ఇప్పుడు కూడా కొందరు అన్నలు అదే పాట అందుకుంటున్నరు. చిప్పు కొలువులు తక్కువే, అందరికీ రావు, ఈ మాట మేం దాచం. తక్కువ ఉన్నయని మొత్తానికే వదిలిపెడితే అవి ఎవరి ఇండ్లకు పోతయో అన్నలకు తెల్వదా?

పైసల్లేవని సర్కారు అంటే నమ్మొద్దు. ఉమ్మడి రాష్ట్రంల 2013లో వచ్చిన సబ్‌ప్లాన్ చట్టం తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. ఖర్చు కాని పైసలను తర్వాతి ఏడాదికి కలపాలని అందులోనే రాసి ఉన్నది. ఆ నిధిలకెళ్లి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు చోట్ల చిప్పు డిజైన్ ల్యాబు పెట్టాలె. గురుకులంలో పదకొండో తరగతి పిల్లకు వెరిలాగ్ అనే గీత భాష నేర్పాలె, అది నేర్చుకునే సాఫ్ట్‌వేర్ ఉచితంగనే దొరుకుతది. సర్కారు సొమ్ము ముట్టిన ప్రతి చిప్పు కంపెనీ ఏ కులపోళ్లను ఎంతమందిని ఏ కొలువుల పెట్టుకున్నదో ఏటా బయటపెట్టాలె. గేటు కాడ సెక్యూరిటీని, క్యాంటీన్ల ప్లేట్లు కడిగేటోళ్లను లెక్కలోకి తెచ్చి 'మాదగ్గర దళితులున్నరు' అంటే ఒప్పుకోం.

వచ్చే పక్షం లోపల సమాచార హక్కు కింద రెండు దరఖాస్తులు వేస్తున్నం: ఒకటి సాంకేతిక విద్యాశాఖకు, ఈ మూడు తాలూకల్ల అయిదేండ్లల్ల ఎన్ని ఈసీఈ సీట్లు పోయినయని, ఇంకోటి ప్రత్యేక అభివృద్ధి నిధిలో ఈ ఏడు ఎంత మిగిలిందని. మీ ఊర్ల ఈసీఈ చదివి ఇంటికాడ కూసున్న పిల్లలు, పిల్లగాండ్లు ఉంటే వాళ్ల పేరు, చదివిన ఏడాది ఒక కాగితం మీద రాయించి మన సంఘం కార్యకర్త చేతికియ్యండి. కాలేజీ సర్టిఫికెట్లు ఆపి ఉంచితే ఆ సంగతి కూడా రాయించండి.